రూకకు భోజనం - ఓరుగల్లులో ఒక రోజు

ప్రత్యేక సంచికకు చరిత్ర వ్యాసం ఒకటి రాయవలసిందని మన సంఘం కార్యదర్శిగారు కబురు చేసినప్పుడు నేను కొంత వెనుకాడిన మాట నిజం. ముప్పై ఆరేళ్ళు నోట్ ఫైలు, డ్రాఫ్టు, రిమైండరు రాసిన చెయ్యి ఇది. 'పై విషయమునకు సంబంధించి' అని మొదలుపెట్టి 'తగు ఉత్తర్వుల కొరకు సమర్పించడమైనది' అని ముగించడమే నాకు చేతనైన వచనం. చరిత్ర రాయడానికి నేను పండితుణ్ణి కాను. అయితే 2025 సంక్రాంతికి మా ఇంట్లో జరిగిన ఒక ముచ్చట ఉంది. అందులో చరిత్ర కూడా కొంత ఉన్నది గనుక అదే రాసి పంపుతున్నాను. తప్పులుంటే పెద్దలు దిద్దుదురుగాక.

మా కూతురి బిడ్డ పై చదువుకని యూరపు వెళ్ళి, సెలవులకు ఎనుమాముల వచ్చింది. అక్కడ ఉండగా స్పెయిన్ దేశంలోని తొలెదో అనే పాత ఊరు చూసి వచ్చిందట. ఫోన్‌లో బొమ్మలు చూపించింది. మూడు దిక్కులా నది చుట్టి పారే గుట్ట, దాని మీద ఊరు. చర్చి, పాత మసీదు, యూదుల ప్రార్థనామందిరం అన్నీ నడిచి పోయేంత దూరంలోనే. 1561లో అక్కడి రాజు మకాం మద్రిదుకు మార్చుకున్నాక ఊరు చిన్నబోయింది కాని, పాత కట్టడాలు మాత్రం మిగిలిపోయాయి. 1986లో యునెస్కో వారు జాబితాలో చేర్చారు. బాదం పిండి, చక్కెర కలిపి చేసే మిఠాయి ఆ ఊరి ప్రత్యేకత. ఒక మనిషి గొడుగు ఎత్తి పట్టుకొని ముందు నడుస్తుంటే వీళ్ళంతా వెనక నడిచారట. గుడి దగ్గర గుడి కథ, మిఠాయి దుకాణం దగ్గర మిఠాయి కథ చెప్పుకుంటూ పోయాడట ఆయన.

"మన దగ్గర గిట్ల ఊరంతా తిప్పి చూపించెటోళ్ళు ఉన్నరా తాతా?" అని అడిగింది.

"ఉన్నరు బిడ్డా, ఇద్దరున్నరు. ఆరు వందల ఏండ్ల నుంచి తిప్పుతున్నరు" అన్నాను. అది నవ్వింది. నేను లోపలికి పోయి బీరువాలోంచి ఒక పాత పుస్తకం తెచ్చాను.

ఆ పుస్తకం క్రీడాభిరామం. మానవల్లి రామకృష్ణకవిగారు వెలికితీసి అచ్చువేయించిన కావ్యం. రావిపాటి త్రిపురాంతకుడు సంస్కృతంలో రాసిన ప్రేమాభిరామాన్ని అనుసరించి వినుకొండ వల్లభరాయడు తెలుగు చేశాడని కావ్యమే చెబుతుంది. కాదు, శ్రీనాథుడిదేనని వేటూరి ప్రభాకరశాస్త్రిగారి వంటి పెద్దలు వాదించారు. ఆ తగవు మనకెందుకు? కథ మాత్రం చిన్నదే. మంచనశర్మ అనే బ్రాహ్మణుడు, టిట్టిభసెట్టి అనే కోమటి, ఇద్దరూ స్నేహితులు. తెల్లవారింది మొదలు రాత్రి దాకా ఓరుగల్లు వీధుల్లో తిరుగుతారు. కనబడిందల్లా చెప్పుకుంటారు. కోడిపందేలు, పొట్టేళ్ళ పోట్లాటలు, పల్నాటి వీరుల కథ పాడే స్త్రీలు, ఏకవీరాదేవి, పాములవాళ్ళు, ప్రతాపరుద్రుని ప్రియురాలు మాచల్దేవి చిత్రశాల ప్రవేశం, పూటకూళ్ళ ఇంట్లో భోజనం, అన్నీ వస్తాయి. రాజుల గొప్పలు రాసిన పుస్తకాలు చాలా ఉన్నాయిగాని, ఊరు ఎట్లా బతికిందో రాసిన పుస్తకం ఆ కాలానికి ఇంతకు మించింది లేదనే నా అభిప్రాయం. కొన్ని పద్యాలు పిల్లల ముందు చదవదగినవి కావు. ఆ పుటలు నేను తిప్పేశాను. పిల్ల అవే ముందు చదివి ఉంటుంది, అది వేరే సంగతి.

ఆ ప్రతి నాది కాదు. మా సెక్షన్‌లో నా పక్క సీటు మిత్రునిది. నాకన్నా రెండేళ్ళు పెద్ద. ఉద్యోగం చేస్తూనే ప్రైవేటుగా తెలుగు ఎం.ఏ. చదివినవాడు. రిటైరయ్యాక ఏటా శివరాత్రి ముందు ఒకరోజు మేమిద్దరం ఈ పుస్తకం పట్టుకొని ఊరు తిరిగేవాళ్ళం. తాను మంచనశర్మ, నేను టిట్టిభసెట్టి. ఆటోవాడితో బేరం ఆడేది నేనే గనుక ఆ పేరు నాకు కుదిరిందనేవాడు. 2021 కరోనా రెండో విడతలో ఆయన వెళ్ళిపోయాడు. పుస్తకం నా దగ్గరే ఉండిపోయింది. ఆ తరువాత నేను ఆ దారిన పోలేదు. వేయిస్తంభాల గుడి మీదుగా బస్సులో పోయినా తల తిప్పి చూడలేదు.

"రేపు నన్ను తీసుకపో" అన్నది మనుమరాలు. మోకాళ్ళ నొప్పులని, చలి అని నాలుగు సాకులు చెప్పాను. మా ఇంటావిడ, "పింఛనాఫీసుకు పోవుడుకు లేని నొప్పులు గుడికి పోవుడుకు ఎందుకొస్తయి?" అన్నది. దానికి నా దగ్గర జవాబు లేదు.

పొద్దున్నే మొదట మా మార్కెట్టుకే తీసుకుపోయాను. ఎనుమాముల వ్యవసాయ మార్కెట్టు ఆసియాలోనే పెద్ద మార్కెట్లలో ఒకటని అంటుంటారు. ఆసియా అంతా నేను తిరిగి చూడలేదు. జనవరి నెల గనుక పత్తి బస్తాలు ఒక దిక్కు, అప్పుడప్పుడే దిగుతున్న కొత్త మిర్చి ఒక దిక్కు. జెండా పాట అయ్యేదాకా రైతు ముఖం చూడలేము. ఆ పాటలో పలికిన ధర పేపర్లో వస్తుంది. తన బస్తాకు పలికిన ధర రైతు ఇంటికి పోతుంది. రెండింటికీ ఎంత తేడా ఉంటుందో మాలాంటి ఊరివాళ్ళకు తెలుసు. పిల్లకు మొదటి తుమ్ము మిర్చి యార్డు గేటు దగ్గరే వచ్చింది. లోపలికి పోయేసరికి కళ్ళ నీళ్ళు. ఎర్రగా, పొట్టిగా, లావుగా టమాట పండు తీరున ఉండే చపాట మిర్చి కుప్ప చూపించాను. కారం తక్కువ, రంగు ఎక్కువ. ఆ మరుసటి నెలల్లోనే, 2025లోనే, ఆ మిర్చికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. వరంగల్ జంపఖానాలకు 2018లోనే వచ్చింది.

అక్కడే నేను దానికొక పరీక్ష పెట్టాను. కాకతీయుల కాలంలో ఓరుగల్లు అంగడి మట్టెవాడ దిక్కున ఉండేది. ఆ పేటకు ఈనాటికీ అదే పేరు. అక్కడ ఖాన్ సాహెబ్ తోటలో దొరికిన శాసనంలో అంగడికి వచ్చే సరుకుల మీద ఏ సుంకం కట్టాలో రాశారు. వడ్లు, గోధుమలు, పెసలు, నువ్వులు, ఆవాలు, ఉప్పు, నెయ్యి, నూనె, కూరగాయలు, టెంకాయలు, మామిడిపండ్లు, చింతపండు, పసుపు, అల్లం, సీసం, తగరం, రాగి, గంధపు చెక్క, కస్తూరి, పట్టు. చదువుతుంటే మా మార్కెట్టు చెక్‌పోస్టు రిజిష్టరు చదివినట్టే ఉంటుంది. గుమాస్తా అన్నవాడు ఏ రాజ్యంలోనైనా ఒకటే గదా. "ఇన్ని సరుకులున్నయి, ఇక్కడి సరుకు ఒకటి ఆ పట్టీలో లేదు, ఏది?" అని అడిగాను.

పిల్ల చుట్టూ చూసి, మళ్ళీ తుమ్మి, "మిర్చి!" అన్నది.

మరి అప్పటికి మన దేశంలోనే మిర్చి లేదు. 1492లో కొలంబస్ సముద్రం దాటి పోయి, ఆ దేశాల మిర్చిని స్పెయిన్‌కు తెచ్చాడు. ఆ తరువాతి శతాబ్దంలో పోర్చుగీసువారి ఓడల మీద అది మన పడమటి తీరానికి వచ్చింది. అంటే గణపతిదేవుడు, రుద్రమదేవి, ప్రతాపరుద్రుడు, వీళ్ళెవరూ మిరపకాయ కొరికి ఎరుగరు. వాళ్ళకు కారమంటే మిరియమే. మిరియంలా మండే కాయ వచ్చింది గనుక మనవాళ్ళు దాన్ని మిరపకాయ అన్నారు. ఇది చెబితే మనుమరాలు, "స్పెయిన్‌ల కూడ గంతే తాతా. మిరియాన్ని పిమియెంత అంటరు, మిర్చిని పిమియెంతో అంటరు" అన్నది. ఈ సంగతి నాకు కొత్త. మిత్రుడు ఉంటే సంబరపడేవాడు.

మక్కజొన్న, పల్లికాయ, టమాట, బంగాళదుంప కూడా ఆ దారిన వచ్చినవే. మక్క గారెలు, పల్లీలు వేసిన సర్వప్ప మా తాతల నాటివని గొప్పగా చెప్పుకుంటాము. తాతల నాటివే, కాని కాకతీయుల నాటివి కావు.

అక్కడి నుంచి ఆటోలో అండర్ బ్రిడ్జి దాటి ఖిలా వరంగల్ పోయాము. కాకతీయుల రాజధాని మొదట హనుమకొండ. 1199లో రాజ్యానికి వచ్చిన గణపతిదేవుడు ఓరుగల్లు కోటను పెంచి రాజధానిని ఇక్కడికి మార్చాడు. ఆయన తరువాత 1262 నుంచి 1289 దాకా రుద్రమదేవి ఏలింది. రాతికోట గోడను ఎత్తు చేయించి, దాని చుట్టూ మట్టికోట పెట్టించిన ఘనత ఆమెదేనంటారు. రాతికోటకు 45 బురుజులు. సున్నం లేదు, గచ్చు లేదు, రాయి మీద రాయి. దర్వాజాలోకి పోయిన దారి నేరుగా పోదు, రెండు మలుపులు తిరుగుతుంది. శత్రువు ఏనుగును పరిగెత్తించి తలుపు గుద్దించకుండా చేసిన ఉపాయం అది. ఈనాడు ఆర్టీసీ బస్సు డ్రైవర్లు ఆ మలుపుల దగ్గర ఎదురుబండికి హారన్ కొట్టి పోతుంటారు.

మట్టికోటను ఎవరూ పట్టించుకోరు. చెట్టూ చేమా మొలిచిన కట్టలాగా ఉంటుంది. కాని 1310లో మాలిక్ కాఫూర్ దండెత్తి వచ్చినప్పుడు అతన్ని నిలబెట్టింది ముందుగా ఈ మట్టే. ఉక్కు ఈటె కూడా దిగనంత గట్టి గోడ అని ఢిల్లీ కవి అమీర్ ఖుస్రో రాశాడు. శత్రుపక్షం వాడు మెచ్చుకున్నాడంటే నమ్మవచ్చు. చివరకు ప్రతాపరుద్రుడు కప్పం ఒప్పుకున్నాడు. 1323లో ఉలుగ్ ఖాన్ మళ్ళీ వచ్చి కోట పట్టుకున్నాడు. ఊరి పేరు సుల్తాన్‌పూర్ అయింది. ప్రతాపరుద్రుణ్ణి ఢిల్లీకి తీసుకుపోతుంటే నర్మద ఒడ్డున చనిపోయాడని విలస తామ్రశాసనం చెబుతుంది. మధ్యలో స్వయంభూ శివాలయం నేలమట్టమైంది. నాలుగు దిక్కులా నాలుగు కీర్తితోరణాలు మాత్రం నిలబడి ఉన్నాయి.

ఆ తోరణాలు ఎట్లా మిగిలాయన్నది మా మిత్రుడు ఏటా నన్ను అడిగే ప్రశ్న. వాటి మీద దేవుడి బొమ్మ లేదు. హంసలు, మొసళ్ళు, తామరలు, పూలదండలు ఉన్నాయి. అందుకే వదిలేశారని కొందరు పండితులంటారు. అంత అందంగా ఉన్నదాన్ని పగలగొట్టబోయిన కూలివాడికి చేతులు రాలేదేమోనని మిత్రుడనేవాడు. చరిత్రకు ఆధారం కావాలి గనుక నేను పండితుల వైపే ఉన్నాను. 2014లో తెలంగాణ రాష్ట్ర చిహ్నంలోకి ఎక్కింది ఈ తోరణమే. మన పింఛను కాగితాల మీద చిన్నగా కనబడేది దీని బొమ్మే. రాష్ట్రం వచ్చిన కొత్తలో ఆ ముద్ర చూసి ముచ్చటపడని పింఛనుదారు మా వాడలో లేడు.

పడమటి దిక్కున ఖుష్ మహల్ ఉంది. షితాబ్ ఖాన్ కట్టించాడని మేము చిన్నప్పటి నుంచి విన్నాము. ఆ షితాబ్ ఖాన్ సీతాపతి అనే తెలుగువాడని, 1504 నాటి అతని శాసనం ఈ కోటలోనే ఉందని చెబుతారు. కాని వాలుగోడల తీరు చూసి ఇది తుగ్లక్ కాలపు కట్టడమని ఈమధ్య చరిత్రకారులు తేల్చారు. గుడి పగలగొట్టినవాళ్ళ దర్బారు హాల్లో ఇప్పుడు గుడి శిల్పాలు భద్రంగా పెట్టారు. మనుమరాలు చాలాసేపు అక్కడే నిలబడి, తొలెదోలో కూడా మసీదు చర్చి అయిందని, గోడలు మాత్రం అవేనని చెప్పింది.

కోటలోపల ఊరున్న సంగతి బయటివాళ్ళకు తెలియదు. పంటపొలాలు, ఇళ్ళు, కిరాణా దుకాణాలు, చిన్న బడి, అంతా గోడల మధ్యనే. రక్షిత కట్టడం నుంచి 100 మీటర్ల లోపల కొత్త నిర్మాణం పనికిరాదు, ఆపైన మరో 200 మీటర్లు అనుమతి కావాలి. 2010లో పార్లమెంటు చేసిన చట్ట సవరణ అది. రాయికి అది మంచిదే. ఇల్లు కురుస్తున్నవాడి సంగతి ఏమిటి? ఉద్యోగంలో ఉన్నప్పుడు ఇటువంటి అర్జీల మీద 'నిబంధనల మేరకు వీలుపడదు' అని నేను రాసినవి ఉన్నాయి. రాసింది తప్పు కాదు. కాని అర్జీదారు ఇంటి ముందుకు పోయి చూసి రాయలేదు. టీ దుకాణం దగ్గర కూర్చున్నప్పుడు ఈ మాట పిల్లతో అన్నాను. అది ఏమీ అనలేదు. టీ డబ్బులు తానే ఇచ్చింది.

ఏకశిల గుట్ట నేను ఎక్కలేదు. మోకాళ్ళ నొప్పులున్న సభ్యులు కింద నీడలో కూర్చోవడమే మేలు. ఊరికి ఏకశిలానగరమని, ఓరుగల్లు అని పేరు రావడానికి కారణం ఆ ఒంటిరాయే. పిల్ల ఎక్కి వచ్చింది.

మధ్యాహ్నం హనుమకొండ చేరాము. ఇక్కడి నుంచి నాకు నడక బరువైంది.

వేయిస్తంభాల గుడిని కాకతి రుద్రదేవుడు 1163లో కట్టించాడు. అచింతేంద్రుడు అనే కవి రాసిన సంస్కృత శాసనం గుడి ముందరనే ఉంది. చాళుక్యుల సామంతులుగా ఉన్న కాకతీయులు స్వతంత్రులైన సంగతి తెలిసేది ఆ శాసనం వల్లనే. అందుకని గుడి ఎంత ముఖ్యమో రాయి అంత ముఖ్యం. త్రికూటాలయం, అంటే మూడు గర్భగుళ్ళు. శివుడు, విష్ణువు, సూర్యుడు. ఇప్పుడు పూజలందుకునేది శివుడొక్కడే. ఎదురుగా నల్లరాతి నంది. దానికి ఎదురుగా కల్యాణమండపం.

ఆ మండపం సంగతే చెప్పాలి. నేల కుంగి స్తంభాలు ఒరిగినందున 2006లో పురావస్తు శాఖవారు దాన్ని విప్పారు. రాళ్ళకు గుర్తులు వేసి విప్పి ఆవరణలో పేర్చారు. అప్పుడు మేమిద్దరం ఇంకా ఉద్యోగంలోనే ఉన్నాము. సెలవు రోజున చూడడానికి పోయాము. మిత్రుడు రాయి రాయి దగ్గరకు పోయి గుర్తులు చదివాడు. "ఎంత చక్కగ ఇండెక్సు చేసిండ్రు చూడు" అన్నాడు. తరువాత మేమిద్దరం రిటైరైనాము. సంవత్సరాలు గడిచాయి. కాకతీయులు ఇసుక నింపిన పునాది మీద కట్టారు, ఆ పద్ధతిలోనే తిరిగి పునాది వేయాలి, నిధులు రావాలి, శిల్పులు దొరకాలి. ఏటా శివరాత్రికి పోయేవాళ్ళం, రాళ్ళు అట్లనే ఉండేవి. "ఇది మన రాష్ట్రంల అన్నిటికన్న పాత పెండింగ్ ఫైలు" అని ఆయన కాపలా మనిషితో పరాచికాలాడేవాడు. నవ్వుతూనే అనేవాడుగాని, తిరిగి వచ్చేటప్పుడు మాట్లాడేవాడు కాదు.

2024 మార్చి 8న, మహాశివరాత్రి నాడు మండపం తిరిగి తెరిచారు. పద్దెనిమిదేళ్ళు. ఆయన పోయి అప్పటికి మూడేళ్ళు. ఆ వార్త నేను పేపర్లో చదివి, పేపరు మడిచి పెట్టాను. పోలేదు.

ఇప్పుడు పిల్ల ముందు నడిచి లోపలికి పోయింది. స్తంభాలు లెక్కపెట్టడం మొదలుపెట్టి మధ్యలో లెక్క తప్పి మళ్ళీ మొదలుపెట్టింది. నేను మెట్టు దగ్గరే ఆగాను. నున్నటి నల్లరాతి స్తంభాల్లో మనిషి నీడ కనబడుతుంది. కొన్నిచోట్ల కొత్తరాయి తేడా తెలుస్తూనే ఉంది. తెలియడమే న్యాయం. లోపలికి పోయి ఒక స్తంభం మొదట్లో కూర్చున్నాను. రాయి చల్లగా ఉంది.

పుస్తకం సంచిలోంచి తీశాను. పూటకూళ్ళ ఇంటి పద్యం ఉన్న పుటలో, అంచున పెన్సిలుతో ఆయన రాసుకున్న మాట ఒకటి ఉంది. పుస్తకం నా దగ్గర ఉండిపోయిన తరువాత ఒకసారి చూసి, ఆ పుట మళ్ళీ తెరవలేదు. 'మండపం అయినాక ఇద్దరం లోపల కూర్చుని చదవాలె' అని ఉంది. కింద తేదీ, పొట్టి సంతకం. ఆఫీసు అలవాటు.

నేను చదివాను. గొంతు అంత బాగా లేదు. పిల్ల వచ్చి పక్కన కూర్చుని రెండోసారి తాను చదివింది. పక్కనున్న ఒక యాత్రికుడు, "గుళ్ళె అన్నం పద్యమేంది సార్?" అని అడిగాడు. "ఆకలైతున్నది" అన్నాను. ఆయన పొట్లంలోంచి రెండు అరటిపండ్లు ఇచ్చాడు. తిన్నాము. ఆ పద్యంలో అరటిపండ్లు కూడా ఉన్నాయి సుమా. పెన్సిలు రాత కింద నేను కూడా ఆనాటి తేదీ వేసి పొట్టి సంతకం చేశాను.

సాయంత్రం భద్రకాళి గుడికి పోయాము. 2024 చివర్లో పూడిక తీయడానికని చెరువు నీళ్ళు వదిలేశారు. అమ్మవారి ముందు ఎండిన చెరువు చూడడం కళ్ళకు కష్టంగా ఉంది. కాకతీయులు గుడి కట్టినచోట చెరువు తవ్వించారు, చెరువు లేని గుడి వాళ్ళ ఊహలో లేదు. పూడిక తీస్తేనే చెరువు నిలుస్తుందన్నది కూడా నిజమే. బతుకమ్మ పండుగకు వస్తే ఈ ఊరు చూడాలని పిల్లతో చెప్పాను. పెత్రామాస నాడు ఎంగిలిపూల బతుకమ్మకు వేయిస్తంభాల గుడి ఆవరణలో కాలు పెట్టే సందు ఉండదు. తొమ్మిదో నాడు సద్దుల బతుకమ్మకు పద్మాక్షి గుట్ట కింద దీపాలు, పూలు, పాటలు, ఇంటింటి సద్దులు. పెరుగు సద్ది, పులిహోర సద్ది, నువ్వుల సద్ది, మలీద ముద్దలు. కోటలో లేని జీవం అక్కడ ఉంటుంది.

రామప్ప మరొక రోజు పని. గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు 1213లో కట్టించిన ఆ గుడిని 2021 జూలై 25న యునెస్కో జాబితాలో చేర్చారు. మొదట కోట తోరణాలు, వేయిస్తంభాల గుడి కూడా కలిపి అడిగారు, చివరకు రామప్ప ఒక్కటే నిలిచింది. రామప్పకు పోయేవారు మేడారం కూడా పోవాలి. సమ్మక్క సారలమ్మలు పోరాడింది కప్పం అడిగిన కాకతి రాజుతోనే అని కోయల కథ. తోరణాలు కట్టించిన వంశాన్ని ఎదిరించినవాళ్ళకు రెండేళ్ళకొకసారి మాఘ పున్నమికి లక్షల జనం బెల్లం మోసుకుపోతారు. కాకతీయుల మీద వ్యాసం రాసేవాళ్ళు ఈ సంగతి మరవడం నాకు నచ్చదు.

ఇంటికి వచ్చాక పిల్ల పట్టుబట్టింది. ఆ పద్యంలోని రూక భోజనం రేపు వండాలన్నది. పూటకూళ్ళ ఇంట్లో ఒక్క రూకకు పెట్టిన భోజనం ఇది: కప్పురభోగి బియ్యపు అన్నం, గోధుమపిండి వంట, గుప్పెడు పంచదార, కొత్తగా కాచిన ఆవునెయ్యి, పెసరపప్పు, అరటిపండ్లు, నాలుగైదు రకాల నంజుళ్ళు, గడ్డ పెరుగు. కప్పురభోగి అనే వడ్లు మా మార్కెట్టులో ఎవరినడిగినా చూడలేదన్నారు. చిట్టిముత్యాలతో సరిపెట్టుకున్నాము. గోధుమపిండి వంట అంటే ఏమిటో కవి చెప్పలేదు గనుక మా ఇంటావిడ నేతిలో రొట్టె కాల్చింది. అసలు చిక్కు నంజుళ్ళ దగ్గర వచ్చింది. మిరపపొడి వేయగూడదు, పచ్చిమిర్చి వేయగూడదు, టమాట పనికిరాదు, ఆలుగడ్డ పనికిరాదు, పల్లీలు పనికిరావు. ఒక్కొక్కటి నేను వద్దంటుంటే ఆమె గరిటె కింద పెట్టింది.

"మిరపకాయ లేదు, టమాట లేదు, ఆలుగడ్డ లేదు. మీ ప్రతాపరుద్రుడు ఏం తిని యుద్ధం చేసిండు?" అన్నది.

"మిరియాలు" అన్నాను.

"అందుకే ఓడిండు" అన్నది.

అయినా వండింది. మిరియాల చారు, అల్లం చింతపండు పచ్చడి, ఆవాలు నూరి పెట్టిన వంకాయ, నువ్వుల పొడి, ఉప్పులో ఊరిన నిమ్మకాయ. తినడానికి కూర్చున్నాక మొదటి ముద్దకు అందరం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాము. రెండో ముద్దకు నెయ్యి వాసన తెలిసింది. పెసరపప్పుకు ఇంత రుచి ఉంటుందని డెబ్భై నాలుగేళ్ళకు నాకు తెలిసింది. మిర్చి కింద అణిగిపోయి ఇంతకాలం నాలుకకు అందలేదు. ఇట్లా వారానికి ఒకరోజు తింటే డాక్టరు మందులు తగ్గిస్తాడేమోనన్నాను. ఎవరూ బలపరచలేదు.

మిత్రుని భార్య మా వాడలోనే కొడుకు దగ్గర ఉంటున్నది. ఆ వంటలన్నీ కొంచెం కొంచెం టిఫిను డబ్బాలో సర్ది, పుస్తకం కూడా ఇచ్చి పిల్లను పంపాను. పుస్తకం తిరిగి ఇవ్వడానికి నాలుగేళ్ళు పట్టింది. పిల్ల గంటకుగాని రాలేదు. ఆమె పుస్తకంలోని ఆ పుట చూసి, చేత్తో తడిమి, మళ్ళీ నా దగ్గరే ఉంచమని తిప్పి పంపింది. డబ్బా ఖాళీగా పంపగూడదని నిండా సకినాలు పెట్టింది.

"వంట ఎట్లున్నదన్నది?" అని మా ఇంటావిడ అడిగింది.

"అన్నీ మంచిగున్నయన్నది అమ్మమ్మా. కాని కారం లేదు, ఆయన ఉంటే ముట్టకపోతుండె అన్నది."